వడ్లు, మక్కల లెక్కలో మాత్రికలు

ప్రశ్న: మాత్రికల గుణకారం నిజజీవితంలో ఎక్కడ పనికొస్తుంది?
– ఇంటర్ విద్యార్థి, మహబూబాబాద్

జవాబు: కేసముద్రం మార్కెట్‌కు ఇద్దరు రైతులు వచ్చారనుకోండి. ఒకరివి 40 క్వింటాళ్ల వడ్లు, 10 క్వింటాళ్ల మక్కలు. మరొకరివి 20, 30. మొదటి మాత్రికలో రైతుకో అడ్డు వరుస.

రెండో మాత్రికలో క్వింటాల్ మద్దతు ధరలు. 2023-24లో సాధారణ రకం వడ్లకు రూ.2,183, మక్కలకు రూ.2,090; 2024-25లో రూ.2,300, రూ.2,225. ఏడాదికో నిలువు వరుస.

అడ్డు వరుసను నిలువు వరుసతో గుణించి కూడాలి: 40×2,183 + 10×2,090 = 1,08,220. మొదటి రైతుకు రెండో ఏడాది ధరతో 1,14,250. రెండో రైతుకు 1,06,360, 1,12,750. నాలుగు జవాబులూ ఒకే గుణకారంలో!

విద్యార్థులు తడబడేది క్రమం దగ్గరే. మొదటి మాత్రిక నిలువు వరుసలు వడ్లు, మక్కలైతే, రెండోదాని అడ్డు వరుసలూ అదే క్రమంలో ఉండాలి. లేదంటే వడ్లకు మక్కల ధర పడుతుంది. అందుకే ముందు వరుసలకు పేర్లు రాసుకోవాలి.