నయాపూల్ పక్క నేల దేనికి పనికొస్తుంది? ఉపగ్రహ చిత్రాలతో తేల్చుకోవడం ఎలా

“ఈ జాగా మంచిదేనా?” అంటే ఏ మ్యాపూ జవాబు చెప్పలేదు. దేనికి మంచిదో అడగాలి. నయాపూల్ దగ్గర ఒక ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి, అవతలి ఒడ్డున హైకోర్టు, మధ్యలో మూసీ. ఆ ఒడ్ల వెంట ఉన్న ఖాళీ నేల నడకదారికి బాగుండొచ్చు, బండ్లు నిలపడానికి వానలు లేనప్పుడు ఉపయోగపడొచ్చు, పక్కా కట్టడానికి అసలే కుదరకపోవచ్చు. అందుకే కంప్యూటర్ తెరవకముందే రెండు మూడు వినియోగాలు కాగితం మీద రాసుకోండి. ఒక్కోదానికి విడిగా మ్యాపు వస్తుంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1976లో ఇచ్చిన పద్ధతి ఇదే: ఫలానా పనికి నేల బాగా అనుకూలం, ఓ మోస్తరు, అంతంతమాత్రం, పనికిరాదు.

సరంజామాకు పైసా ఖర్చు లేదు. మ్యాపుల పనికి క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం నడిపే ‘భువన్’ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుంటే కార్టోశాట్ ఉపగ్రహం ఇచ్చే ఎత్తుల డేటా దొరుకుతుంది. యూరప్ వాళ్ల సెంటినెల్-2 చిత్రాలు కూడా ఉచితమే. వానాకాలంలో మబ్బులు అడ్డొస్తాయి కాబట్టి ముందు జనవరి, ఫిబ్రవరి చిత్రాలు తీసుకోండి.

డేటా దించగానే అన్ని పొరలనూ యూటీఎం 44 ఉత్తర జోన్‌లోకి మార్చండి. చాలామంది దీన్ని దాటేస్తారు. డిగ్రీల్లో ఉన్న మ్యాపు మీద 50 మీటర్ల బఫర్ (చుట్టూ పట్టీ) గీయబోతే సాఫ్ట్‌వేర్ దాన్ని 50 డిగ్రీలుగా తీసుకుని సగం ఆసియాను చుట్టేస్తుంది.

ఇక చిత్రం ఎంత చూపగలదో తెలుసుకోవాలి. సెంటినెల్‌లో ఒక్కో చుక్క 10 మీటర్ల చదరం, అంటే దాదాపు 120 గజాలు. పాతబస్తీలో అంత జాగాలో రెండిళ్లు పడతాయి. కార్టోశాట్ ఎత్తుల్లో చుక్క 30 మీటర్లది. పైగా అది నేల ఎత్తు కాదు, చాలాచోట్ల డాబాల ఎత్తు. కిక్కిరిసిన బేగంబజార్ అందులో చిన్న గుట్టలా కనిపిస్తే ఆశ్చర్యపోకండి. ఉపగ్రహ చిత్రం నుంచి లెక్కగట్టే పచ్చదనం సూచికదీ ఇలాంటి తంటానే. మూసీలో గుర్రపుడెక్క, గడ్డి పరుచుకున్న చోట నది కాస్తా తోటలా కనబడుతుంది. అందుకే నది అంచును సూచికకు వదిలేయకుండా, హై రిజల్యూషన్ చిత్రం చూస్తూ మీరే గీయండి.

అసలు కీలకం ఇక్కడుంది. ఒక్కో పొరకు మార్కులు వేయకముందే, అసలు వాడకూడని చోట్లతో ‘కుదరదు’ పొర తయారు చేయాలి. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల జీవో 168 నగరపాలక సంస్థల పరిధిలో నది అంచు నుంచి 50 మీటర్లు వదలమంది. సవరణలు వస్తుంటాయి గనుక తాజా ఉత్తర్వు చూసుకోండి. క్యూజీఐఎస్‌లో వెక్టర్ మెనూలోని బఫర్‌తో ఆ పట్టీ గీసి, దానికి వరద చేరిన చోట్లు కలపండి. 1908 సెప్టెంబర్ 28న ఈ ఒడ్లనే మూసీ ముంచెత్తింది. ఆ తర్వాతే పైన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. అయినా 2025 సెప్టెంబర్‌లో ఆ గేట్లెత్తితే ఇక్కడికి కూతవేటు దూరంలోని ఎంజీబీఎస్ బస్టాండులోకి నీళ్లొచ్చాయి.

ఈ పొర ఎందుకు విడిగా ఉండాలో ఓ లెక్క చూడండి. రోడ్డుకు దగ్గర, 5 మార్కులు. వాలు తక్కువ, 5. కరెంటు, నీళ్ల లైన్లు, 5. వరద భయం, 1. నాలుగింటికీ సమాన విలువిచ్చి సగటు తీస్తే 5కి 4, అంటే నూటికి 80! మునిగే నేలకు ఫస్ట్ క్లాసు. రోడ్డు ఎంత దగ్గరున్నా నీళ్లు ఆగవు కదా. వరద పొరను కూడకండి, గుణించండి: మునిగే చోట సున్నా, మిగతా చోట ఒకటి. రాస్టర్ కాలిక్యులేటర్‌లో ఒక్క గుణకారం చాలు. నడకదారి మ్యాపులో మాత్రం ఇదే నేలకు సున్నా ఇవ్వనక్కర్లేదు. నాలుగు రోజులు మునిగినా కడిగేసుకోవచ్చు.

మిగతా పొరలకు విలువలు పంచడం మీ ఇష్టం, కానీ కారణం రాసి పెట్టుకోండి. విలువలు కాస్త అటూ ఇటూ మార్చి మళ్లీ నడపండి. ఫలితం ఊగిసలాడే చుక్కలు ఎక్కడున్నాయో చూసి, ముందు అక్కడికే వెళ్లండి.

వెళ్లేటప్పుడు ఫోన్‌లో జీపీఎస్, చేతిలో మ్యాపు ఉండాలి. గోడల మీద పాత నీటి మరకలు, నాలా కలిసే చోట్లు గుర్తు పెట్టండి. ఏళ్ల తరబడి అక్కడే దుకాణం నడుపుతున్నవాళ్లను నీళ్లు ఎంతవరకొచ్చాయో అడగండి. వీలైతే 1912-15 మధ్య లియోనార్డ్ మన్ నేతృత్వంలో గీసిన హైదరాబాద్ మున్సిపల్ సర్వే పటాలు సంపాదించి, నేటి చిత్రం మీద పరచండి. అప్పటి నది అంచు, ఇప్పటి గోడ ఒకే గీత మీద లేకపోతే మధ్యలో ఉన్నది ఎవరో పూడ్చిన మట్టి కావచ్చు. అలాంటి చోట మట్టి పరీక్ష అయ్యేదాకా ‘అనుకూలం’ రంగు వేయకండి.