మూడు గ్లాసుల బియ్యానికి ఒక గ్లాసు పప్పు

చి.ల.సౌ. బిడ్డకు,

చిన్నమ్మ దీవించి రాయునది.  

మొన్న ఫోన్‌లో నువ్వు ఎక్కువ మాట్లాడలేదు. "ఇంటి సామాన్లకు నెలకు నాలుగున్నర వేలకంటే ఎక్కువ తీయలేకపోతున్నా చిన్నమ్మా, అమ్మకు చెప్పకు" అని పెట్టేశావు. అక్కకు చెప్పలేదు, చెప్పను. అల్లుడి ఉద్యోగం పోవడం మీ తప్పు కాదు. ఇవాళ ఆటో నడిపి ఇల్లు చూసుకుంటున్నాడంటే నాకు గౌరవమే పెరిగింది. కానీ నువ్వు చెప్పిన ఇంకో మాట నన్ను నిద్రపోనివ్వలేదు. నిన్న ఏం వండావంటే అన్నం, పచ్చిపులుసు, మామిడికాయ తొక్కు అన్నావు. మొన్నంటే మొన్నా అదే.

పైసలు తగ్గితే మన ఇళ్లలో ముందు పోయేది పప్పు. తర్వాత గుడ్డు, ఆ తర్వాత ఆకుకూర. అన్నం మాత్రం పోదు, పైగా ఇంకో గరిటె ఎక్కువ పడుతుంది. కడుపు నిండుతుంది కాబట్టి ఇంట్లో ఎవరికీ తేడా తెలియదు. మూడు నెలలకో ఆరు నెలలకో తెలుస్తుంది, అప్పటికి బిడ్డ బరువు ఆగిపోయి ఉంటుంది, తల్లి మొహం పాలిపోయి ఉంటుంది. ఇరవై ఏళ్లకు పైగా అంగన్‌వాడీలో పిల్లలను తూకం వేసినదాన్ని కదా, ఆ సంగతి నాకు బాగా తెలుసు.

నీకు తెలియని సంగతి ఒకటుంది. 1998లో మీ చిన్నాయన పని చేసే రైసు మిల్లు ఆర్నెల్లు మూతపడింది. నా జీతం అప్పట్లో వందల్లోనే. పిల్లలకు పప్పు, మీ చిన్నాయనకు కూర పెట్టి, చివర నేను చారునీళ్లు పోసుకుని తినేదాన్ని. కేంద్రానికి వచ్చిన తల్లులకు మాత్రం రక్తం పట్టాలంటే ఏం తినాలో రోజూ చెప్పేదాన్ని. ఒకరోజు పిల్లాణ్ణి తూకానికి ఎత్తబోయి అక్కడే కళ్లు తిరిగి పడిపోయాను. దవాఖానలో చూస్తే రక్తం ఏడు గ్రాములు. మళ్లీ మామూలు మనిషిని కావడానికి ఏడాది పట్టింది. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

ముందు బియ్యం సంగతి. మన హుజూర్‌నగర్‌లోనే కదా 2025 ఉగాది నాడు సన్నబియ్యం పంపిణీ మొదలుపెట్టింది. మనిషికి ఆరు కిలోలు, పైసా కట్టే పని లేదు. మీ ముగ్గురికి పద్దెనిమిది కిలోలు, అంటే రోజుకు ఆరు వందల గ్రాములు. ఇద్దరు పెద్దవాళ్లకు, నాలుగేళ్ల పిల్లకు అది సరిపోతుంది. రేషన్ కార్డు మన ఊరి పేరు మీద ఉన్నా ఫరవాలేదు, రాష్ట్రంలో ఏ రేషన్ దుకాణంలోనైనా వేలిముద్ర వేసి తీసుకోవచ్చు. కార్డులో పాప పేరు ఎక్కించారా లేదా చూడు. లేకపోతే మీసేవకు పోయి రేపే దరఖాస్తు పెట్టు. రేషన్ లైన్లో నిలబడడానికి నామోషీ పడుతున్నావని నీ గొంతులోనే తెలిసింది. అది నీ బిడ్డ పేరు మీద వచ్చే తిండి. దాన్ని వదిలేసి దుకాణంలో బియ్యం బస్తా కొంటే ఆ వెయ్యీ పన్నెండు వందలూ పాప గుడ్డులోంచి, నీ పప్పులోంచి పోతాయి.

బియ్యం ఖర్చు లేదు కాబట్టి నీ నాలుగున్నర వేలూ మిగతా వాటికే. ఇక్కడ నా లెక్క ఒకటి గుర్తుపెట్టుకో: మూడు గ్లాసుల బియ్యానికి ఒక గ్లాసు పప్పు. ఇది నేను ఊరికే పెట్టుకున్నది కాదు. మీ హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది చూడు, వాళ్లు చెప్పే పళ్లెంలో ఒక మనిషికి రోజుకు ధాన్యం 250 గ్రాములు, పప్పులూ గుడ్డూ మాంసం కలిపి 85 గ్రాములు, కూరగాయలూ ఆకుకూరలూ 400 గ్రాములు. మన పళ్లేల్లో అన్నం గుట్టగా ఉండి పప్పు దాని మీద బొట్టులా ఉంటుంది. నువ్వు గ్లాసుతో కొలిచి చెయ్యి, చేతి అందాజు వద్దు. పైసలు తక్కువున్నప్పుడు చెయ్యి తెలియకుండానే ముడుచుకుపోతుంది.

ఆ లెక్కన నెలకు ఆరు కిలోల పప్పుదినుసులు కావాలి. అంతా కందిపప్పే కొంటే మోయలేవు. రెండు కిలోలు కంది, కిలోన్నర పెసరపప్పు, ఇడ్లీ దోశలకు కిలో మినప్పప్పు, మిగతా కిలోన్నర శనగలు, బొబ్బర్లు, ఉలవలు. కందిపప్పులో సగం పెసరపప్పు కలిపి వండు, పెసరపప్పు ముందు కొంచెం వేయించు, అల్లుడు గుర్తుపట్టడు. ఉలవలు పశువుల దాణా అని మొహం తిప్పుకోకు. రాత్రి నానబెట్టి పొద్దున కుక్కర్‌లో ఉడికిస్తే ఆ నీళ్లతో చిక్కటి చారు వస్తుంది, గింజలకు ఉల్లిగడ్డ వేసి తాలింపు పెడితే సాయంత్రం పాపకు గుగ్గిళ్లు.

పప్పు వండే తీరు కూడా చెప్తాను, నవ్వకు. గ్లాసు పప్పు కడిగి గంటసేపు నాననివ్వు. నానిన పప్పు తొందరగా ఉడుకుతుంది, గ్యాస్ బండ కొన్ని రోజులు ఎక్కువ వస్తుంది. ఉడికాక మెదపకముందే పైకి తేరిన కట్టు ఒక గిన్నెలోకి వంచుకో. అడుగున మిగిలిన గట్టి పప్పులో రెండు కట్టల తోటకూర వేసి పొద్దుటికి పప్పుకూర చెయ్యి. కట్టులో చింతపండు, ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ వేసి రాత్రికి చారు కాయి. తోటకూర కాడలు పారెయ్యకు, పీచు తీసి అవి కూడా ఆ చారులోనే వేసెయ్యి, మెత్తగా ఉడుకుతాయి. ఒక్క గ్లాసు పప్పుతో రెండు పూటలూ గడిచాయి, ఏ పూటా నీళ్లచారు కాలేదు.

గుడ్లు నెలకు రెండు ట్రేలు. అరవై గుడ్లంటే నీకొకటి, అల్లుడికొకటి రోజూ. పాపకు అంగన్‌వాడీలో గుడ్డూ వేడి అన్నమూ పెడతారు, పాపను తప్పకుండా అక్కడికి పంపు. మీ బస్తీలో ఇంగ్లీషు ప్లేస్కూలుకు పంపకపోతే నలుగురు ఏమనుకుంటారోనని ఆగావని నీ మాటల్లోనే తెలిసింది. నాలుగేళ్ల పిల్లకు ఏబీసీడీల కంటే రోజూ ఒక గుడ్డు ముఖ్యం. ఆదివారం మాత్రం ఇంట్లో పాపకు ముందు పెట్టి తర్వాత మీరు తినండి. చికెన్ తెచ్చుకోవాలనిపిస్తే నెలకు రెండుసార్లు కార్జం, కందనకాయ తెచ్చుకో. మాంసం కంటే ధర చాలా తక్కువ, రక్తం పట్టడానికి కార్జాన్ని మించింది లేదు.

ఆకుకూరలు నాకు ప్రాణం కాబట్టి ఇంకొంచెం రాస్తాను. సరూర్‌నగర్ రైతుబజారుకు వారానికి రెండుసార్లు సాయంత్రం పో. 1999లో రైతుబజార్లు పెట్టినప్పుడు రైతు తెచ్చింది రైతే అమ్మాలని పెట్టారు. ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి, బోర్డు చూడకుండా బేరం మొదలుపెట్టకు. పొద్దుపోయేకొద్దీ ఆకుకూరల ధర దిగుతుంది, మరుసటి రోజుకు నిలవవు కదా. తెచ్చిన ఆకు అదే రాత్రి ఏరి, తడి లేకుండా గుడ్డలో చుట్టి పెట్టు. కూరగాయలకు రోజుకు నలభై రూపాయలు అనుకో, అందులో సగం ఆకుకే. టమాట ధర మండితే టమాట మానెయ్యి. 2023 జూలైలో కిలో నూటయాభై దాటిన రోజుల్లో నేను నెల రోజులు టమాట ముఖం చూడలేదు, గోంగూర, చుక్కకూర, చింతపండు ఉండగా పులుపుకు లోటేముంది? మీ సందులో మునగచెట్టు ఎక్కడో ఒకచోట ఉంటుంది. ఇంటివాళ్లను అడిగి గుప్పెడు ఆకు తెచ్చుకో, ఎవరూ కాదనరు. పప్పులో వేస్తే చిన్నది కూడా తింటుంది. ఆనిగెపుకాయ, బీరకాయ చెక్కు పల్లీలతో తొక్కు చెయ్యి.

ఆకుకూర తిన్న పూట అన్నంలో అర నిమ్మచెక్క పిండుకో. మన నకిరేకల్ నిమ్మకాయలు అంత దూరం వస్తూనే ఉంటాయి. నిమ్మ పడితే ఆకులో ఉన్న ఇనుము ఒంటికి పడుతుంది. అన్నం తినగానే చాయ్ తాగితే అదే ఇనుము ఒంటికి పట్టకుండా పోతుంది. గంట ఆగి తాగండి. ఈ రెంటికీ పెద్ద ఖర్చు లేదు.

ఇక పాప చేతిలో ఎప్పుడూ కనిపించే చిరుతిండి ప్యాకెట్లు. పోయినసారి వచ్చినప్పుడు చూశాను, రోజుకు పది రూపాయలవి రెండు. చిన్న మొత్తమే అనిపిస్తుంది, నెలకు ఆరు వందలు. ఆ డబ్బుకు రెండు ట్రేల గుడ్లు వచ్చి ఇంకా మిగులుతాయి. ఒక్కసారిగా మాన్పిస్తే ఏడుస్తుంది, నిజమే. కిలో పల్లీలు, అర కిలో బెల్లం తెచ్చి పట్టీలు చేసి డబ్బాలో పెట్టు. మర్మరాలు, పుట్నాలు కలిపి ఉల్లిగడ్డ కోసి ఇవ్వు. రేషన్ బియ్యం రెండు కిలోలు కడిగి ఆరబోసి గిర్నీ పట్టించి, పల్లీ, నువ్వులు, శనగపప్పు వేసి సర్వపిండి కాల్చి పెట్టు. నీ చిన్నప్పుడు గంజు అడుగున మాడిన చెక్క కోసం అన్నతో కొట్లాడేదానివి. నీ కూతురు కూడా కొట్లాడుతుంది చూడు.

కిరాణా కొట్టులో ఖాతా పెట్టకు. మా కష్టకాలంలో ఒకాయన ఖాతా ఇచ్చాడు, నెలాఖరుకు లెక్క చూస్తే నేను తెచ్చుకోనివి కూడా అందులో ఉన్నాయి. అప్పున్నదాన్ని, గట్టిగా అడగలేకపోయాను. ఫోన్‌లో నొక్కితే పది నిమిషాల్లో తెచ్చే వాళ్ల జోలికి ఇప్పుడు పోకు, ఉప్పు ప్యాకెట్ కోసం తెరిచి నాలుగు వస్తువులు తెప్పించుకుంటాం. నూనె కొనేటప్పుడు ప్యాకెట్ మీద ఎన్ని గ్రాములో చదువు. చూడ్డానికి అన్నీ లీటరు ప్యాకెట్లలాగే ఉంటాయి, కొన్నిట్లో బరువు తక్కువ. నెలకు రెండు లీటర్లలో సర్దుకోవాలి, కాబట్టి బజ్జీలు, పూరీలు పండుగలకే. పాలు రోజూ అర లీటరు: పాపకు గ్లాసు, తోడుకు కొన్ని, చాయ్‌కి మిగిలినన్ని. చాయ్ రెండుపూటలకు మించొద్దని అల్లుడికి నా మాటగా చెప్పు.

ఆఖరున నీకు మాత్రమే చెప్పే మాట. ముగ్గురూ ఒకేసారి కూర్చోండి. పప్పు గిన్నె నడుమ పెట్టుకుని ముగ్గురి పళ్లేల్లో ఒకేసారి వడ్డించు, ఆ తర్వాతే మొదటి ముద్ద. అందరూ తిన్నాక మిగిలింది తింటాననే అలవాటు మా అమ్మ నుంచి నాకు వచ్చింది, నా దగ్గర చూసి నీకూ వచ్చింది. నీ కూతురు కూడా ఇప్పుడు నిన్నే చూస్తోంది.

బుధవారం ఆర్టీసీ కార్గోలో ఒక సంచి వేస్తున్నాను. రెండు కిలోల ఉలవలు, కిలో నువ్వులు, ఎండుమిర్చి, ఏడాదికి సరిపడా కొత్త చింతపండు. గింజ తీసి ఉప్పు కలిపాను, జాడీలో పెట్టేముందు ఒకపూట ఎండలో ఆరబెట్టు. దీనికి డబ్బులు పంపావంటే ఊరుకోను.

ఈ వారంలోనే మీ బస్తీ దవాఖానాకు పోయి రక్తం పరీక్ష చేయించుకో. అక్కడ పైసలు తీసుకోరు. ఎన్ని గ్రాములు ఉందో ఆ అంకె నాకు ఫోన్ చేసి చెప్పు. బాగానే ఉందంట అని చెప్తే ఒప్పుకోను, అంకె కావాలి.

మీ చిన్నమ్మ