అన్నం మానేయమని ఎవరన్నారు?

చిన్నీ,

అన్నం మానేసినా నువ్వు రాసిన ఆ గర్భిణికి షుగర్ దిగలేదని ఎందుకంత కంగారు? అన్నం బదులు ఏం తింటోందో అడిగావా? నీ ఉత్తరం నిండా గ్లూకోమీటర్ అంకెలే తప్ప ఆమె కంచం ఎక్కడా కనబడలేదు. పంజాగుట్టలో నిమ్స్ దగ్గర హాస్టల్లో ఉండి డైటెటిక్స్ చదివే పిల్ల చేసే పనేనా ఇది?

అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల సందుల్లోంచి ఉద్యోగానికి పరుగెత్తే గర్భిణి పొద్దున్నే ఏం తింటుందో చూడు. బండి దగ్గర నాలుగు ఇడ్లీలు, పల్చటి చట్నీ, చక్కెర టీ. ఆరో నెల వచ్చేసరికి మాయ నుంచి వచ్చే హార్మోన్లు ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనివ్వవు. చాలామందిలో ఆ ప్రభావం ఉదయంపూట ఇంకా ఎక్కువ. అదే బండి మీద పెసరట్టు వేయించుకోమను. లేదంటే రెండు ఇడ్లీలు, గట్టి పల్లీ చట్నీ, ఒక ఉడకబెట్టిన గుడ్డు. రెండు గంటలాగి రీడింగ్ చూడు.

మీ పెద్దమ్మ ఎప్పుడూ పోరేది ఇదే: ఏం మానాలో చెప్పేముందు ఏం తిన్నదో రాసుకో. అన్నం మానేసినవాళ్లు రాత్రికి నాలుగు చపాతీలు లాగిస్తారు. బియ్యమైనా గోధుమపిండైనా, తూకానికి తూకం పిండిపదార్థం దాదాపు సమానమే. కొందరు చిరుధాన్యం కదా అని రాగిజావ పెద్ద గ్లాసుతో తాగుతారు. మెత్తటి పిండి జావగా కాస్తే తొందరగా అరిగి చక్కెర పెరుగుతుంది. ఇంకొందరు భయపడి రాత్రి భోజనమే ఎగ్గొడతారు. అది మరీ ప్రమాదం తల్లీ, ఒంట్లో కీటోన్లు పెరుగుతాయి. గర్భిణికి రోజుకు 350 కేలరీలు అదనంగా కావాలని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతుంటే మనం పస్తు పెట్టడమేమిటి? అన్నం ఒక కప్పు తిననీ. పక్కన ముద్దపప్పు, రెండింతలు కూర, పెరుగు ఉండాలి. మూడు పూటల తిండిలో కొంత తీసి మధ్యమధ్యలో గుగ్గిళ్లుగా, మజ్జిగగా ఇవ్వు.

పుట్టింటివాళ్లు చలిమిడి తెస్తే వద్దని ఆమె మనసు కష్టపెట్టకు. నిమ్మకాయంత తిని, ఆ పూట అన్నం తగ్గించి, భోజనమయ్యాక పావుగంట నడిస్తే సరి.

పరగడుపున 95 లోపు, తిన్న రెండు గంటలకు 120 లోపు ఉండాలి. రెండు వారాలు ఇలా తిన్నా దిగకపోతే డాక్టర్ ఇన్సులినో మందులో మొదలుపెడతారు. అది ఆమె తప్పని ఎవరైనా అంటే నువ్వు ఊరుకోవద్దు. కాన్పయిన ఆరు వారాలకు 75 గ్రాముల గ్లూకోజ్ పరీక్ష మళ్లీ చేయించుకోవాలి. పసిబిడ్డ పనుల్లో ఆమె మరిచిపోతుంది, ఆ తేదీ ఇప్పుడే ఆమె ఫైలు అట్ట మీద రాసిపెట్టు.

మీ పెద్దమ్మ