మంచీ చెడూ ఎవరిష్టం వాళ్ళదేనా?

 

మొన్న ఆదివారం మా బస్తీ విహారంలో వందన అయిపోయాక డిగ్రీ చదివే తమ్ముడొకడు లేచి అడిగాడు. "అన్నా, కులం తప్పని మనం అంటం. అది మా ఆచారం, మా ధర్మం అని వాళ్ళంటరు. మనకు మనది రైటు, వాళ్ళకు వాళ్ళది రైటు. ఎవరిది నిజమని ఎట్ల చెప్తవ్?"

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోకండి. మంచీ చెడూ అనేవి ఎవరి ఇష్టాన్ని బట్టి వాళ్ళకు ఉండేవే అయితే "అంటరానితనం తప్పు" అనే మాటకూ "నాకు కాకరకాయ నచ్చదు" అనే మాటకూ తేడా ఉండదు. మన పెద్దలు పడ్డ పాట్లన్నీ ఒట్టి నచ్చకపోవడం కిందే జమ అవుతాయి. అందుకే ఈ పాఠంలో ధమ్మం ఏం చెప్తుందో చూద్దాం.

కాలాములు అడిగిందీ ఇదే

కోసల దేశంలో కేసపుత్త అనే ఊరు. అక్కడి కాలాములు బుద్ధుడి దగ్గరకొచ్చి తమ సందేహం చెప్పుకున్నారు. వచ్చిన ప్రతి గురువూ తన మాటే నిజమంటాడు, పక్కవాళ్ళ మాటను తీసిపారేస్తాడు, మేం ఎవరిని నమ్మాలి అని.

అంగుత్తర నికాయంలోని ఈ సుత్తం మనలో చాలామందికి తెలుసు. ఆచారమని నమ్మొద్దు, గ్రంథంలో ఉందని నమ్మొద్దు, గురువు చెప్పాడని నమ్మొద్దు అన్న దగ్గర ఆపేస్తాం. ఆపేసి, "నీ మనసుకు తోచింది చెయ్యమన్నాడు బుద్ధుడు" అని చెప్తాం. ఇది సగం పాఠమే. బుద్ధుడు పక్కన పెట్టమన్న పది ఆధారాల్లో "నా అభిప్రాయంతో సరిపోయింది కాబట్టి నిజం" అనేది కూడా ఉంది! అంటే గ్రంథానికి ఇవ్వని పెత్తనాన్ని మన ఇష్టానికీ ఇవ్వలేదు.

మరి దేన్ని పట్టుకోవాలి? బుద్ధుడు వాళ్ళనే అడిగాడు. మనిషిలో లోభం పుడితే మేలా, కీడా? ద్వేషం పుడితే? మోహం పుడితే? కీడేనన్నారు కాలాములు. అలాంటి మనిషి చంపుతాడు, దొంగిలిస్తాడు, అబద్ధమాడతాడు, పక్కవాణ్ణీ అదే దారి పట్టిస్తాడు. కాబట్టి ఒక పనికి మూలం ఏమిటి, దాన్ని ఆచరిస్తే దుఃఖం పెరుగుతుందా తగ్గుతుందా, వివేకం ఉన్నవాళ్ళు దాన్ని నిందిస్తారా మెచ్చుకుంటారా అని చూడమన్నాడు. ఇవి ఎవరైనా పరీక్షించి చూడగలిగినవి.

వేళుద్వారం అనే ఊరి గృహస్థులకు ఇంకా సులువుగా చెప్పాడు. నేను బతకాలనుకుంటాను, చావాలనుకోను. నాకు ఇష్టంలేనిది ఎదుటివాడికీ ఇష్టం ఉండదు. అలాంటప్పుడు దాన్ని అతని మీద ఎలా రుద్దగలను? ఇది సంయుత్త నికాయంలో ఉంది. నొప్పి పడేది ఒకరే కావచ్చు. కానీ ఆ నొప్పి ఉందనేది అందరికీ నిజమే. పైన దేవుడు రాసి పంపకపోయినా మంచి చెడులకు పునాది ఉంది. ఆ పునాది మనిషి దుఃఖం.

మహాడ్ చెరువు దగ్గర రెండు బాధలు

1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేడ్కర్ వేలమందితో కలిసి నడిచి మహాడ్‌లోని చవదార్ చెరువు నీళ్ళు తాగారు. ఆ చెరువులో పశువులు నీళ్ళు తాగొచ్చు. మనవాళ్ళు మాత్రం తాగకూడదు. ఆ తర్వాత అగ్రకులాలవాళ్ళు చెరువు మైలపడిందని పేడ, పంచితం కుండలతో పోసి "శుద్ధి" చేశారు.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న వస్తుంది. "దుఃఖమే కొలత అంటున్నారు గదా. చెరువు ముట్టుకున్నందుకు వాళ్ళ మనసూ నొచ్చుకుంది. వాళ్ళ బాధ బాధ కాదా?" బాధే. కానీ ఆ రెండు బాధల మూలం చూడండి. మైల అనేది ఒక అభిప్రాయం. ఆ అభిప్రాయం మార్చుకుంటే వాళ్ళ బాధ ఆ క్షణమే పోతుంది, వాళ్ళకు చుక్క నీరు తగ్గదు. మన దాహం అభిప్రాయం మార్చుకుంటే తీరుతుందా? మోహంలోంచి పుట్టిన బాధకు మందు మోహం పోగొట్టుకోవడమే. పక్కవాడి గొంతు ఎండబెట్టడం దానికి మందు కాదు.

చెరువు కేసు పదేళ్ళు నడిచింది. అనాదిగా వస్తున్న ఆచారమని అవతలివాళ్ళు వాదించారు. దాన్ని రుజువు చేయలేకపోయారని 1937లో బొంబాయి హైకోర్టు మనవైపు తీర్పిచ్చింది. చట్టం ప్రకారం గెలిచాం, సంతోషం. కానీ ఆలోచించండి, ఆచారం వెయ్యేళ్ళ నాటిదని రుజువైతే? అప్పుడు అది న్యాయమయ్యేదా? ధమ్మం ఆచారం వయసు అడగదు. అది ఎవరి గొంతు ఎండబెడుతుందో అడుగుతుంది.

నిచ్చెన మెట్టు మీద మనం

బాబాసాహెబ్ "బుద్ధుడు, ఆయన ధమ్మం" గ్రంథంలో ఒక హెచ్చరిక చేశారు. దొంగల ముఠాకు కూడా తమలో తమకు ఒక నీతి ఉంటుంది, కులానికీ ఉంటుంది. అది తనవాళ్ళను మాత్రమే కాపాడుతుంది. అందుకే నీతి అందరికీ ఒకటిగా, పవిత్రంగా ఉండాలన్నారు. మతంలో దేవుడికున్న స్థానం ధమ్మంలో నీతికి ఉందన్నారు.

ఇది వాళ్ళకు చెప్పిన మాటేనని తప్పించుకోకండి. నా చిన్నప్పుడు మా ఊరి హోటల్‌లో మాకు వేరే గ్లాసు ఉండేది, చూరులో పెట్టేవాళ్ళు. తాగి మనమే కడిగి పెట్టాలి. మా నానమ్మ ఆ హోటల్‌ను రోజూ తిట్టేది. కానీ మా కులాన్ని అడుక్కొని, మా కులం కథ చెప్పుకొని బతికే ఆశ్రిత కులంవాళ్ళు వస్తే, అదే నానమ్మ వాకిట్లో కూర్చోబెట్టి పైనుంచి అన్నం వేసేది. ఎందుకని అడిగితే "మన ఆచారం బిడ్డా" అనేది. హోటలాయనా అదే మాట అనేవాడు!

నిచ్చెనలో ఏ మెట్టు మీద నిలబడితే ఆ మెట్టు న్యాయంగానే కనిపిస్తుంది. "ఎవరిష్టం వాళ్ళది" అనే మాట ఆ నిచ్చెనను కాపాడే మాట. కిందిమెట్టువాడు పడే దుఃఖంతో కొలిస్తే తప్ప నిచ్చెన తప్పని తెలియదు.

రాహులుడికి ఇచ్చిన అద్దం

అద్దం ఎందుకని బుద్ధుడు కొడుకు రాహులుణ్ణి అడిగాడు. చూసుకోవడానికి అన్నాడు రాహులుడు. చేతను, మాటను, తలంపును కూడా అలాగే చూసుకోమన్నాడు తండ్రి. చేయబోయే ముందు, చేస్తున్నప్పుడు, చేశాక. నాకు కీడా, ఎదుటివారికి కీడా, ఇద్దరికీ కీడా అని.

పోయినేడు మా ఇంటి పిల్లవాడు మనలోనే వేరే ఉపకులం అమ్మాయిని చేసుకుంటానన్నాడు. ఇరవై ఏళ్ళుగా సభల్లో మాట్లాడే నా నోటి నుంచి మొదట వచ్చిన మాట "మనోళ్ళు ఏమంటరు?" అని. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అది మా నానమ్మ గొంతు. తెల్లారి వాడి దగ్గరికి పోయి తప్పైందని చెప్పాను. దీక్ష తీసుకున్నంత మాత్రాన చూపు మారదు, రోజూ అద్దం చూసుకోవాల్సిందే.

తమ్ముడూ, నీ ప్రశ్నకు జవాబు ఇదే. మన మాట మనది కాబట్టి రైటు కాదు. పరీక్షకు నిలబడితేనే రైటు. వాళ్ళ ఆచారం ఆ పరీక్షకు నిలబడదు. మనది నిలబడుతుందో లేదో మనమే చూసుకోవాలి.

విహారంలో చర్చకు

1. మీ ఇంట్లో "మన ఆచారం" అని నడిచే పని ఒకటి చెప్పండి. దానివల్ల దుఃఖపడేది ఎవరు?

2. తాగొచ్చి భార్యను కొట్టి "మా ఇంటి విషయం" అనేవాడికి వేళుద్వార బోధతో ఏం చెప్తారు?

3. ఈ వారం మీరు చేసిన ఒక పనిని రాహులుడి అద్దంలో చూసుకొని, వచ్చే ఆదివారం చెప్పండి.

సాధు! సాధు! సాధు!