ముందు మూలలు వదలండి

ప్రశ్న: మాది బాన్సువాడ. 10×12 అడుగుల గదిలో రెండు స్టీరియో స్పీకర్లు మూలల్లో పెట్టాను. బేస్ గుంయ్‌మంటోంది, మాటలు స్పష్టంగా లేవు. యాంప్లిఫయర్ మార్చాలా?

జవాబు: అక్కర్లేదండీ. రెండు గోడలు కలిసే చోట బేస్ ఉబ్బిపోతుంది. పైగా 12 అడుగుల గది పొడవు వల్ల 47 హెర్ట్జ్ దగ్గర ధ్వని గోడల మధ్యే తిరుగుతూ మోగుతుంది. సిమెంటు గోడలు దాన్ని పీల్చుకోవు. స్పీకర్లను 10 అడుగుల గోడ వైపు, ఆ గోడకు అడుగున్నర ఎడంగా, పక్క గోడలకు రెండేసి అడుగుల దూరంలో ఉంచండి. ట్వీటర్ (సన్నని ధ్వనులు పలికే చిన్న స్పీకర్) చెవి ఎత్తులో ఉండాలి. రెండు స్పీకర్ల మధ్య ఎంత దూరమో, వాటికీ మీకూ మధ్య కూడా అంతే దూరం ఉండాలి. సోఫాను వెనక గోడకు ఆనించొద్దు, అక్కడా బేస్ పెరుగుతుంది. ‘గీతాంజలి’ (1989) సినిమా పాటలు పెట్టి వినండి. గాయకుడు బాలు గొంతు సరిగ్గా మధ్యలోంచి రావాలి. రాకపోతే స్పీకర్లను కొద్దికొద్దిగా మీవైపు తిప్పండి. ఇదంతా చేశాకే కొత్త ఖర్చు గురించి ఆలోచించండి.