గడ్డి కోసిన కోచ్

చి. వంశీకి పెదనాన్న ఆశీస్సులు.

మీ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో సహాయకుడిగా చేరావని, కోచ్ కావాలని ఉందని రాశావు. సంతోషం. నీళ్ల సీసాలు అందించడం, బంతులు మోయడం తప్ప ఆట నేర్పడం లేదని బాధపడ్డావే, అందుకే ఎడ్డీ రాబిన్సన్ అనే ఫుట్‌బాల్ కోచ్ సంగతి రాస్తున్నాను.

ఆయన అమెరికాలోని లూసియానాలో పాలికి సేద్యం చేసుకున్న నల్లజాతి రైతు కొడుకు. డిగ్రీ చదివీ దాణా మిల్లులో గంటకు 25 సెంట్ల కూలికి పనిచేశాడు. 1941లో గ్రాంబ్లింగ్ అనే చిన్న నల్లజాతి కాలేజీ కోచ్‌గా తీసుకునేనాటికి ఆయనకు 22 ఏళ్లు. మైదానంలో గడ్డి కోసిందీ, గీతలు గీసిందీ, ఆటగాళ్ల చీలమండలకు పట్టీలు చుట్టిందీ, ఆట అయ్యాక పత్రికలకు వార్త రాసి పంపిందీ ఆయనే. దక్షిణాది హోటళ్లు నల్లవాళ్లను గడప తొక్కనివ్వని రోజులవి. దూరప్రయాణాల్లో పిల్లలు పస్తుండకుండా శాండ్‌విచ్‌లు కూడా తయారుచేసేవాడు.

తొలి ఏడాది మూడు గెలిచి అయిదు ఓడారు. మరుసటి ఏడాది తొమ్మిదికి తొమ్మిదీ గెలిచారు, ఎదుటి జట్లకు ఒక్క పాయింటూ దక్కనివ్వలేదు. 1997 దాకా అక్కడే ఉండి 408 ఆటలు గెలిపించాడు. 200 మందికి పైగా శిష్యులు వృత్తి ఫుట్‌బాల్‌కు వెళ్లారు. 1988లో వృత్తి ఫుట్‌బాల్ ఫైనలైన సూపర్‌బౌల్ గెలిపించిన తొలి నల్లజాతి క్వార్టర్‌బ్యాక్ (జట్టు దాడిని నడిపే ఆటగాడు) డగ్ విలియమ్స్ వాళ్లలో ఒకడు. నాకు మాత్రం వీటన్నిటికంటే ఆయన గంటే గొప్పగా తోస్తుంది. అంత పేరొచ్చాక కూడా పొద్దున్నే హాస్టల్లో ఆవు మెడగంట మోగిస్తూ తిరిగి, పిల్లల్ని తరగతులకు లేపేవాడు!

కోచ్ కావడానికి ఈనాటి దారి వేరు. తక్కువ జీతానికి గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా మొదలుపెట్టి, ఒక విభాగానికి కోచ్‌వై, కోఆర్డినేటర్‌వై, ఆపైన హెడ్ కోచ్ కావాలి. హెడ్ కోచ్‌ను తీసేస్తే కిందివాళ్లూ చాలాసార్లు సామాను సర్దుకోవాల్సిందే. ఈ సంగతి మీ అమ్మానాన్నలకు ఇప్పుడే చెప్పు, తర్వాత తెలిస్తే కంగారుపడతారు.

నీళ్లందించేవాడి దగ్గర ఆటగాడు మనసు విప్పుతాడు. ఎవరు కుంటుతున్నారో, ఎవరు తరగతి ఎగ్గొడుతున్నారో గమనించు. నొప్పి దాచేవాడి గురించి ట్రైనర్‌కు వెంటనే చెప్పు. పట్టీ చుట్టడం ఆయన దగ్గరే నేర్చుకో. ఆట వీడియోలు చూసేటప్పుడు ఓ మూల కూర్చోనివ్వమని కోచ్‌ను అడుగు. అక్కడ అర్థంకానివి రాసుకుని, వాటిలో నువ్వే తేల్చుకున్నవేవో వచ్చే ఉత్తరంలో రాయి.

ఇట్లు,
పెదనాన్న