గీత తేలేలోగా

చిరంజీవి మేనకోడలికి,



గుజరాత్ సరిహద్దులో పాకిస్థాన్‌తో మనకున్న సర్ క్రీక్ తగువును హేగ్‌లో ఉన్న అంతర్జాతీయ కోర్టులో పెడితే ఒక్క తీర్పుతో మన మత్స్యకారుల కష్టం తీరిపోతుంది కదా అని రాశావు. నీ ఆరాటం నాకు నచ్చింది. కానీ 1972 సిమ్లా ఒప్పందం నాటి నుంచీ పాకిస్థాన్‌తో ఏ తగువైనా మూడో మనిషి లేకుండా ఇద్దరమే తేల్చుకోవాలన్నది మన ప్రభుత్వం పట్టు. అది ఇప్పట్లో సడలుతుందని నేననుకోను.

సడలిందే అనుకో. బంగాళాఖాతంలో మనతో ఉన్న హద్దు తగువు మీద బంగ్లాదేశ్ 2009లో మధ్యవర్తిత్వానికి వెళితే 2014 జూలైలో తీర్పొచ్చింది. వివాదంలో ఉన్న 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 వాళ్ళకే దక్కాయి. మనం తీర్పును మన్నించాం. అది నాకు గర్వంగానే ఉంటుంది. ఆ ట్రిబ్యునల్ సభ్యుడు పెమ్మరాజు శ్రీనివాసరావు గారు కొన్ని అంశాల్లో విభేదిస్తూ రాసిన అభిప్రాయం తప్పకుండా చదువు. అయితే గీత తేలిన ఐదేళ్ళకు, 2019లో, విజయనగరం జిల్లా మత్స్యకారులు 8 మంది బంగ్లాదేశ్‌లో పట్టుబడ్డారమ్మా.

అందుకని పట్టుబడ్డ మనిషి దగ్గర్నుంచి చదువు మొదలుపెట్టు. 2018 నవంబరులో గుజరాత్ రేవు వీరావల్ బోట్ల మీద వేటకెళ్ళిన మన ఆంధ్ర మత్స్యకారులు 22 మందిని పాకిస్థాన్ పట్టుకుంది. ఇక్కడ సరైన జెట్టీలు లేక, బతుకుతెరువు కోసం అంత దూరం పోయినవాళ్ళు. వాళ్ళలో 20 మంది 2020 జనవరిలో గానీ వాఘా దాటలేదు.

1982 ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందంలో 73వ అధికరణం తీసి చూడు. ప్రత్యేక ఆర్థిక మండలిలో చేపలు పట్టిన నేరానికి, దేశాల మధ్య వేరే ఒప్పందం ఉంటే తప్ప, జైలుశిక్ష వెయ్యకూడదు. తగిన పూచీకత్తు తీసుకుని బోటునీ మనుషుల్నీ వెంటనే వదలాలి. వదలకపోతే బోటు ఏ దేశానిదో ఆ దేశం 292వ అధికరణం కింద హాంబర్గ్‌లోని అంతర్జాతీయ సముద్ర చట్ట ట్రిబ్యునల్ తలుపు తట్టొచ్చు. మన పి. చంద్రశేఖరరావు గారు 1999 నుంచి 2002 దాకా అధ్యక్షులుగా ఉన్న కోర్టే అది. ఈ దారిని మన దేశం ఎందుకు వాడుకోలేదని నువ్వు గట్టిగా అడగాలి.

ఒక చిక్కుంది. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ళ లోపల, అంటే ఆ మండలి మొదలవకముందు, ఈ రక్షణ లేదు. సర్ క్రీక్ దగ్గర ఎవరి తీరం ఎక్కడిదాకానో తేలలేదు గనక ఆ కొలతకీ పేచీయే. హద్దు తేలేలోగా తాత్కాలిక ఏర్పాట్లకు ప్రయత్నించమని 74వ అధికరణం చెబుతుంది. నీ ప్రాజెక్టు దాని మీద రాయి.

సెలవులకొచ్చినప్పుడు పట్టుబడ్డవాళ్ళలో కొందరి ఊరైన మత్స్యలేశం వెళదాం. పట్టుబడ్డ చోటు గురించి కేసు కాగితాల్లో ఏం రాశారో, బోటు జీపీఎస్ ఏం చూపిందో బోటు నాయకులైన తండేళ్ళనే అడిగి రాసుకో.

నీ మావయ్య,
శ్రీకాకుళం